గుమ్మం దగ్గర ఆగిపోతున్న అంబులెన్సులు, చీకటి పడితే అందని వైద్యం: వైద్యారోగ్య శాఖకు గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు, ఆ శాఖ ఉన్నతాధికారులకు, గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను రాజోలు దీవిలో పుట్టి, ఈ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లోనే 31 ఏళ్ళు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఈ విషయం మీ దృష్టికి తేవడం ఇది మొదటిసారి కాదు. మూడు ఊళ్ళవాళ్ళం సంతకాలు పెట్టి రెండు సోమవారాలు అర్జీ ఇచ్చాం. రెండోసారి ఇచ్చిన పన్నెండో రోజున 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. మమ్మల్ని ఎవరూ పిలిచి అడగలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఏదీ మారలేదు. అందుకే అదే అర్జీని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఒక రాత్రి సంగతి చెప్పాలి.

గత కార్తీక మాసంలో ఒక ఆదివారం. మా పిన్నికి 63 ఏళ్ళు. నలభై ఏళ్ళుగా లేసు అల్లి ఇల్లు నడిపిన మనిషి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి మురిసిపోయింది. ఆ రాత్రి అన్నం తిని, అరుగు మీద దీపం కింద కూర్చుని సూది పట్టుకుంది. 8:40కి సూది చేతిలోంచి జారింది. వంగి తీయబోతే కుడి చేతి వేళ్ళు ముడుచుకోలేదు. 'ఇదేమిటే' అనబోతే మాట ముద్దగా వచ్చింది. మూతి ఎడమ పక్కకు లాగేసింది.

ఐదు నిమిషాల్లో ఫోను చేశాం. దగ్గరలో ఉండవలసిన బండి మరో రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళిందని, ఇంకా అక్కడినుంచి బయటపడలేదని చెప్పారు. దూరంగా ఉన్న ఇంకో బండిని పంపారు. అది 9:35కి వచ్చింది. పైలట్ (బండి నడిపే మనిషి), ఈఎంటీ (బండిలో రోగికి అత్యవసర చికిత్స చేసే మనిషి) ఇద్దరూ కుర్రవాళ్ళు. ఒక్క క్షణం వృథా చేయలేదు. 10:10కి ఆసుపత్రి దగ్గర ఉన్నాం. మేము లోపలికి మలుపు తిరుగుతుంటే, మా ఊరికి రావలసిన ఆ మొదటి బండి అప్పుడే గేటు దాటి బయటికి వస్తోంది.

ఇక మా వంతు. క్యాజువాలిటీలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఆసుపత్రి స్ట్రెచర్ ఒకటి చక్రం ఊడి గోడవారగా పడి ఉంది, రెండోది ఆపరేషను గదిలో ఉంది. పిన్నిని అంబులెన్సు స్ట్రెచర్ మీంచి దించడానికి చోటు లేదు, దించనిదే బండి కదలదు. సెలైన్ సీసా తగిలించడానికి స్టాండు లేక, వరండాలో ట్యూబులైటు కింద ఆ ఈఎంటీ కుర్రవాడు సీసాను చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. కుడి చెయ్యి లాగితే ఎడమ చేతికి మార్చుకున్నాడు, అది లాగితే మళ్ళీ కుడి చేతికి. పైలట్ అప్పగింత కాగితం పట్టుకుని సంతకం పెట్టేవారి కోసం గదిగదికీ తిరిగాడు. పిన్ని తన ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమి చూసుకుంటోంది, లేసులో గళ్ళు లెక్కపెట్టినట్టు.

ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ఒక్కరే. అప్పుడు ఆమె కాన్పు గదిలో ఉన్నారు. 10:55కి వచ్చారు, చేతి తొడుగులు కూడా ఇంకా తీయలేదు. చూసిన నిమిషంలోనే పక్షవాతమన్నారు. వెంటనే సిటీ స్కాన్ కావాలి, ఇక్కడ స్కాన్ తీసేవారు పగలే ఉంటారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అని చీటీ రాసి ఇచ్చారు. ఆమె పేరు గానీ ఆ ఆసుపత్రి పేరు గానీ నేను ఇక్కడ రాయను. ఆ రాత్రి ఆ భవనంలో పని ఎగ్గొట్టిన మనిషి ఒక్కరూ నాకు కనబడలేదు. అందరూ పరుగులమీదే ఉన్నారు. ఉన్న మనుషులు చాలలేదు, అంతే.

మమ్మల్ని తెచ్చిన బండికి అప్పటికే వేరే పిలుపు వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్ళే బండి వచ్చేదాకా ఆగమన్నారు. ఆగలేక 4,500 రూపాయలకు కారు మాట్లాడుకుని 11:45కి బయల్దేరాం. నగరానికి చేరేసరికి 1:20 అయింది.

నెత్తుటి గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే అది ఇవ్వాలి. ఇచ్చేముందు స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. మా పిన్నికి ఆ గడువు 1:10కి దాటిపోయింది.

లెక్కలు చెప్పుకుని బతికినదాన్ని కనుక ఆ రాత్రిని కాగితం మీద పెట్టి చూశాను. మొత్తం 280 నిమిషాలు. అందులో చక్రాలు తిరిగింది 130 నిమిషాలు. మిగిలిన 150 నిమిషాలు మేము ఒకచోట ఆగి ఉన్నాం: బండి కోసం, మంచం కోసం, డాక్టరు కోసం, మళ్ళీ బండి కోసం. ఇంజెక్షను అంది ఉంటే పిన్ని చెయ్యి తప్పకుండా బాగయ్యేదని నేను అనను, ఏ డాక్టరూ అలా హామీ ఇవ్వరు. ఆ అవకాశమే ఆమెకు దక్కలేదు. సగంలో ఆగిన లేసు ముక్క సూదితో సహా ఇప్పటికీ ఆమె మంచం పక్కన బుట్టలో ఉంది.

108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఈ డెల్టాలో ఆ నంబరుకు రుణపడని ఊరు లేదు. 2020 జూలై 1న 108, 104 సేవలకు వెయ్యికి పైగా కొత్త వాహనాలు ఒకేసారి విజయవాడలో వరుసకట్టినప్పుడు మేమూ సంతోషించాం. పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో బండి రోగిని చేరాలన్నది మీరు పెట్టిన లక్ష్యం. అది మంచి లక్ష్యమే. కానీ బండి రోగి ఇంటి ముందు ఆగగానే మీ గడియారం ఆగిపోతోంది. రోగి గడియారం డాక్టరు చెయ్యి పడేదాకా నడుస్తూనే ఉంటుంది. ఈ రెంటికీ నడుమ పోయే సమయానికి బాధ్యులెవరో ఎంత వెతికినా మాకు తెలియడం లేదు. గుమ్మంలో ఇరుక్కున్న బండి వల్ల లోపలున్న రోగి ఒక్కరే నష్టపోరు. ఆ బండి కోసం ఇంకో ఊళ్ళో ఎదురుచూస్తున్నవారూ నష్టపోతారు. ఆ రాత్రి మొదట ఎదురుచూసినవాళ్ళం మేము. ఆ తర్వాత 45 నిమిషాలు మా వల్ల ఎదురుచూసినవాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళ గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇందువల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. మావి నీళ్ళ మధ్య ఊళ్ళు. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఎటు వెళ్ళాలన్నా ఒక వంతెన దాటాలి. సఖినేటిపల్లికి, నరసాపురానికి మధ్య అది కూడా లేదు, పంటు (మనుషుల్ని, బండ్లని ఏరు దాటించే పడవ) మీద దాటాలి. రాత్రి పంటు ఆగిపోయాక, ఎదుటి ఒడ్డున దీపాలు కనిపిస్తున్న నరసాపురానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఇక వరద వస్తే జి.పెదపూడి, బూరుగులంక, ఉడుమూడిలంక వంటి, నది పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళకు తాత్కాలిక బాట కొట్టుకుపోయి పడవ ఒక్కటే దారి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ ఊళ్ళు ఎలా బతికాయో మీకు తెలుసు. మైదానంలో ఒక బండి ఆగిపోతే పక్క మండలం నుంచి ఇంకోటి వస్తుంది. మాకు పక్క బండి అంటే ఏటికి అవతలి బండి.

2. పాముకాటు. వరి కోతలప్పుడు, వరదలప్పుడు ఇది ఎక్కువ. కట్లపాము రాత్రిపూట, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోయి, ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. విరుగుడు మందు ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంటే సరిపోదు. అర్ధరాత్రి దాన్ని ఎక్కించి, వికటిస్తే చూసుకుని, అవసరమైతే కృత్రిమ శ్వాస పెట్టగల మనిషి పక్కన ఉండాలి.

3. కాన్పులు. రాత్రి ఒక్క డాక్టరే ఉన్నచోట, కాన్పు గదిలో తల్లికి రక్తం ఆగనప్పుడు వరండాలో పక్షవాతం మనిషి ఎదురుచూడాలి. లేదా ఆ తల్లే ఎదురుచూడాలి. ఈ ఎంపిక చేయవలసిన భారాన్ని ఆ డ్యూటీ డాక్టరు మీద మీరు ప్రతి రాత్రీ మోపుతున్నారు.

4. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇది: జనం బయల్దేరడమే మానేస్తున్నారు. 'రాత్రిపూట వెళ్ళి ఏం లాభం, తెల్లవారనీ' అనే మాట మా వీధిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గుండెల్లో మంట అని సోడా తాగి పడుకునేవారు, బిడ్డకు జ్వరంతో ఫిట్స్ వస్తే తడిగుడ్డ వేసి తెల్లవార్లూ కూర్చునే తల్లులు, ఆర్‌ఎంపీ పెట్టిన సెలైన్‌తో పొద్దుటిదాకా నెట్టుకొచ్చేవారు. వీళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. ఒకసారి వెళ్ళి, వరండాలో పడిగాపులు పడి, కారుకు నాలుగైదు వేలు పోసి, దాని కోసం మెడలో పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్ళు. కొబ్బరికాయలు దింపే కూలీకి, చేపల చెరువు కాపలాదారుకు ఆ డబ్బు ఎన్ని రోజుల కూలో మీరే లెక్క వేసుకోండి. పెద్ద జబ్బుకు వైద్య సేవ కార్డు ఉంది. దాని దగ్గరికి చేర్చే రాత్రి ప్రయాణానికి మాత్రం సొంత డబ్బే దిక్కవుతోంది.

5. మా పొలాల కింద గ్యాస్ పైపులు ఉన్నాయి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో పైపులైను పేలింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. అది కూడా తెల్లవారుజామునే, జనం ఇంకా నిద్రలేవకముందే. మామూలు ఆదివారం రాత్రి నిండిపోయే గుమ్మం అలాంటి తెల్లవారుజామున ఏమవుతుంది?

రాత్రి వైద్యానికి డబ్బు పెట్టడం ప్రభుత్వం దయ తలచి చేసే పని కాదు. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. రైలులోంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని, మంచం లేదనో పరికరం లేదనో చెప్పి, ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు తిప్పి పంపాయి. సమయానికి అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు అన్నది. నిధుల కొరత చూపి ఆ బాధ్యతను తప్పించుకోరాదన్నది. ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో తెలుసుకుని రోగిని నేరుగా అక్కడికే పంపేలా రాష్ట్రస్థాయిలో సమాచార వ్యవస్థ ఉండాలన్నది. అది వెలువడి ఎంతకాలమైందో చూడండి. మేము ఇప్పటికీ ఆ వరండాలోనే ఉన్నాం.

2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని చెప్పింది. ఎంత కేటాయించారన్నది ఒక ప్రశ్న. అందులో రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత పనిచేస్తోందన్నది నా ప్రశ్న. 2023లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలై డాక్టరే పల్లెకు వచ్చారు. బీపీ, షుగరు ఉన్న వృద్ధులకు అది ఎంతో మేలు చేసింది. అది పగటి వైద్యం. రాత్రి డ్యూటీలో రెండో డాక్టరు జీతం ఏ ప్రారంభోత్సవంలోనూ కనిపించదు. అయినా బండిని గుమ్మంలోంచి కదిలించేది ఆ జీతమే.

మా నది సంగతి చూడండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద రోజుల్లో ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు అనేది గంటగంటకూ చెబుతారు, లంకలో గేదెలు కాచే పిల్లవాడికి కూడా ఆ అంకెలు నోటికి వస్తాయి. నదిని దశాంశ స్థానాల దాకా కొలిచే యంత్రాంగం మనకు ఉంది. అటువంటప్పుడు ఈ రాత్రి ఏ ఆసుపత్రిలో మంచం ఉంది, ఎక్కడ స్కాన్ తీస్తారు, ఏ గుమ్మంలో ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయి అన్నది కొలవలేమంటే నేను ఒప్పుకోలేను.

మేము కోరుతున్నవి ఇవి.

1. ఫోను అందిన నిమిషం నుంచి ఆసుపత్రి రోగిని తన చేతుల్లోకి తీసుకున్న నిమిషం దాకా మొత్తం సమయాన్ని నమోదు చేయండి. ఆసుపత్రుల వారీగా ప్రతి వారం బయటపెట్టండి. ఇంగ్లండులో అంబులెన్సు చేరిన 15 నిమిషాల్లో రోగిని అప్పగించాలన్న ప్రమాణం ఉంది. అక్కడా అది చాలాసార్లు తప్పుతోంది. అయితే ఎన్ని నిమిషాలు ఆగిందో అంకెలు బయట ఉంటాయి గనుక ప్రజలు నిలదీయగలుగుతున్నారు. మాకూ 15 నిమిషాల నియమం కావాలి, ఆ అంకెలూ కావాలి.

2. ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రంలో చక్రాలు సరిగా తిరిగే స్ట్రెచర్లు, సెలైన్ స్టాండ్లు అదనంగా పెట్టండి. రాత్రిపూట అంబులెన్సు రోగిని అందుకుని సంతకం చేసే అధికారం ఒక నర్సుకు ఇవ్వండి. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. ఒక ఉత్తర్వు, కొద్దిపాటి డబ్బు చాలు.

3. కాన్పులు జరిగే ప్రతి ఆసుపత్రిలో రాత్రి ఇద్దరు డాక్టర్లు ఉండాలి. స్కాన్ యంత్రం ఉన్నచోట దాన్ని నడిపే మనిషి రాత్రి కూడా ఉండాలి. ఫిల్ము చూసి చెప్పే నిపుణుడు దూరంగా ఉన్నా ఫోను తెర మీద చూడగలిగే రోజులివి. రాత్రి పనికి విడిగా భత్యం ఇవ్వండి, దానికి బడ్జెట్‌లో విడి పద్దు పెట్టండి. పగటి ఖర్చులో కలిపేస్తే అది ఎప్పటికీ రాత్రికి చేరదు.

4. దాళ్వా (రెండో పంట వరి) సాగుకు నీళ్ళు చాలనప్పుడు కాలువలకు వంతులు పెడతారు. ఏ రోజు ఏ కాలువకు నీళ్ళో రైతుకు ముందే తెలుస్తుంది. నిపుణులు చాలనప్పుడు అదే పద్ధతి ఇక్కడా పెట్టండి. గుండె, మెదడు, పిల్లలు, మత్తు వైద్య నిపుణులకు డివిజన్ స్థాయిలో రాత్రి వంతు వేయండి. సమ్మతించే ప్రైవేటు వైద్యులను కూడా డబ్బిచ్చి ఆ వంతులో కలుపుకోండి. ఈ రాత్రి వంతు ఏ ఆసుపత్రిదో అంబులెన్సు పైలట్‌కు, ఆశా కార్యకర్తకు, ఊరి సచివాలయానికి ముందే తెలియాలి. అప్పుడు మా పిన్నిలాంటి మనిషిని మొదటే సరైన చోటికి తీసుకెళ్తారు.

5. అవతలి ఆసుపత్రితో ఫోనులో మాట్లాడకుండా, బండి సిద్ధం చేయకుండా ఏ రోగినీ రిఫర్ చేయవద్దు. చీటీ రాసి చేతికివ్వడాన్ని రిఫర్ అనకండి.

6. జూలై నుంచి అక్టోబరు దాకా లంక రేవుల్లో రాత్రిపూట దీపం, పడవ, పడవవాడు, ప్రథమ చికిత్స తెలిసిన ఒక మనిషి ఉండాలి. నెలలు నిండిన గర్భిణులను వరదకు ముందే ఒడ్డుకు చేర్చే పని అధికారులు బాగా చేస్తున్నారు. పాముకాటుకు, గుండెపోటుకు నెలలు నిండడం ఉండదు కదా.

7. అమలాపురం, పాలకొల్లు ప్రభుత్వ వైద్య కళాశాలలకు 2021లో శంకుస్థాపన జరిగింది. వాటి ఆసుపత్రులు పూర్తిగా పనిచేసేది ఎప్పుడో తేదీ చెప్పండి.

మా డెల్టా ప్రజలకు కూడా ఒక మాట. ఆలస్యమైతే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఆ కోపాన్ని రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న డాక్టరు మీద, నర్సు మీద, పైలట్ మీద చూపకండి. వాళ్ళను కొడితే రేపటి రాత్రికి ఆ ఒక్కరూ ఉండరు. సంక్రాంతి రోజుల్లో వంతెనలన్నీ కార్లతో నిండిపోతాయి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది. జరిమానా కోసం కాకపోయినా, వెనక ఉన్న బండిలో ఎవరున్నారో తలచుకుని పక్కకు తీయండి.

మంత్రిగారూ, అధికారులారా, ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం కోరుతున్నాను. ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో ఒక్కొక్క అంశానికీ విడివిడిగా రాయండి. 'పరిష్కరించబడినది' అన్న ఒక్క మాట మాత్రం మళ్ళీ పంపవద్దు. జూలైలో నదికి కొత్తనీరు వస్తుంది. మొదటి రెండు పనులైనా ఆలోపు జరగాలి. జరిగాయో లేదో చూడడానికి ఈ మూడు ఊళ్ళ నుంచి వంతులవారీగా ఒక్కొక్కరం రాత్రిపూట ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏ బండి ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి కదిలిందో నోటు పుస్తకంలో రాసుకుంటాం. ఎవరి పనికీ అడ్డం రాము. మొదటి రాత్రి వంతు నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయురాలు,
రాజోలు దీవి